ఇద్దరు రాజులు విన్నారు



ఈ నెల మీతో ఒక తండ్రిని గూర్చి, అతని కుమారుని గూర్చి మాట్లాడాలని ఉన్నది. ఇద్దరూ యెరూషలేములో సింహాసనము మీద కూర్చున్నవారే. ఇద్దరి యెదుటా దేవుని వాక్యము బిగ్గరగా చదువబడింది. విన్నప్పుడు ఇద్దరి చేతులూ కదిలాయి. తండ్రి చేయి తన బట్టలను చింపుకొన్నది. కుమారుని చేయి చాకు పట్టుకొని గ్రంథమునే కోసింది.

తండ్రి పేరు యోషీయా. ఎనిమిదేండ్ల ప్రాయములో రాజైనవాడు. అతని ఏలుబడిలో 18వ సంవత్సరమున, అంటే క్రీస్తుకు పూర్వము 622 ప్రాంతమున, దేవాలయమును బాగు చేయిస్తుండగా యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము దొరికింది (2 రాజులు 22). దేవుని మందిరములోనే దేవుని గ్రంథము మరుగునపడి ఉన్నదంటే ఆ దినముల స్థితి ఎట్టిదో ఆలోచించండి. శాస్త్రియైన షాఫాను రాజు దగ్గరకు వెళ్లి మొదట పనివారికిచ్చిన డబ్బు లెక్క చెప్పాడు. ఆ తరువాత, ఒక గ్రంథము దొరికిందని చెప్పి చదివి వినిపించాడు. లెక్కల వెనుక వచ్చిన ఆ గ్రంథము రాజు గుండెను కోసింది. అతడు బట్టలు చింపుకొన్నాడు. ఇది మా పితరుల కాలపు సంగతి, నాకేమి అనలేదు. హుల్దా ప్రవక్త్రి యొద్దకు మనుష్యులను పంపి విచారణ చేశాడు. పిమ్మట చిన్నలను పెద్దలను అందరినీ మందిరమునకు సమకూర్చి, గ్రంథములోని మాటలన్నీ వారు వినునట్లు చదివించాడు. దేవునితో నిబంధన చేసి, దేశములోని విగ్రహములను తీసివేయించాడు.

సుమారు 18 సంవత్సరములు గడిచాయి. ఇప్పుడు సింహాసనము మీద అతని కుమారుడు యెహోయాకీము ఉన్నాడు. యిర్మీయా ప్రవక్త చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపుచుట్ట ఒకే దినమున మూడుసార్లు చదువబడింది (యిర్మీయా 36). మొదట మందిరములో ప్రజలు విన్నారు. తరువాత అధికారులు విన్నారు, విని భయపడ్డారు. చివరకు అది రాజు యొద్దకు వచ్చింది. అది తొమ్మిదవ నెల, చలికాలము. రాజు శీతకాలపు నగరులో కూర్చున్నాడు, ఎదుట కుంపటి రగులుతున్నది. యెహూది అనే మనిషి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు అయ్యేసరికి రాజు చాకుతో ఆ భాగమును కోసి నిప్పులో వేశాడు. మళ్లీ చదివించుకొన్నాడు, మళ్లీ కోశాడు. చుట్ట అంతా బూడిద అయ్యేవరకు ఇదే వరుస. రాజుగాని, అతని సేవకులుగాని భయపడలేదనీ, బట్టలు చింపుకొనలేదనీ లేఖనము ప్రత్యేకముగా చెబుతున్నది. తండ్రి చేసినది జ్ఞాపకము చేయడానికే ఆ మాట అక్కడ ఉన్నదని నాకనిపిస్తుంది.

ప్రియులారా, ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. యోషీయా మొత్తము 31 సంవత్సరములు ఏలాడు. అతని తరువాత యెహోయాహాజు మూడు నెలలు ఏలాడు. పిమ్మట రాజైన యెహోయాకీముకు అప్పటికి 25 ఏండ్లు (2 రాజులు 23:36). అంటే తండ్రి బట్టలు చింపుకొన్న సంవత్సరమున ఇతడు సుమారు 12 ఏండ్ల బాలుడు. చిన్నలు పెద్దలు అందరూ విన్న ఆ దినమున ఇతడును ఆ గుంపులో ఉన్నాడో లేదో లేఖనము చెప్పడము లేదు. అయితే వాక్యమును ప్రేమించిన ఇంటిలో పెరిగినవాడనుటకు సందేహము లేదు. తండ్రి విశ్వాసము కుమారునికి ఆస్తివలె సంక్రమించలేదు. ఇండ్లు, పొలములు, బంగారము వారసత్వముగా వస్తాయి. వాక్యము ఎదుట వణికే హృదయము అలా రాదు. ప్రతివాడూ తానే వినాలి, తానే లోబడాలి.

అతడు ఎందుకు కోశాడు? యిర్మీయా 22వ అధ్యాయము చదివితే తెలుస్తుంది. యెహోయాకీము విశాలమైన మేడ కట్టించుకొంటున్నాడు, దానికి ఎఱ్ఱరంగు వేయిస్తున్నాడు. పని చేసిన పొరుగువానికి మాత్రము కూలి ఇవ్వడము లేదు. ప్రవక్త అతని ముఖము మీదనే తండ్రిని గుర్తు చేశాడు. నీ తండ్రి బీదలకు న్యాయము తీర్చాడు, నన్ను తెలిసికొనుట అంటే అదే గదా అని ప్రభువు పలుకుతున్నాడు. వాక్యము ఈ రాజుకు అర్థము కాక కాదు, బాగా అర్థమైంది గనుకనే చాకు తీశాడు. కూలి బాకీ ఉన్న చోట వాక్యము వేలు పెట్టింది. ఆ వేలునే నరకాలని చూశాడు.

ఇక్కడ మన మాట ఒకటి ఉన్నది. పౌలు తిమోతికి వ్రాస్తూ, అతనిలోని నిష్కపటమైన విశ్వాసమును జ్ఞాపకము చేసుకొంటున్నాడు (2 తిమోతి 1:5). గ్రీకు భాషలో ఆ మాట "అనుపోక్రిటోస్". వేషము వేయనిది అని అర్థము. ఆ కాలమున నాటకములో వేషము కట్టేవానిని పిలిచే మాటనుండే అది పుట్టింది. మన ఊళ్లలో రాత్రంతా హరిశ్చంద్రుని వేషము కట్టి, తెల్లవారగానే రంగు కడుక్కొని అప్పు ఎగవేసే మనిషిని మనము చూడలేదా? నాటకములో అది తప్పు కాదు, అది ఆట. ఆదివారము గుడిలో ఒక ముఖము, సోమవారము కూలీల ఎదుట మరొక ముఖము ఉంటేనే ప్రమాదము. నిష్కపటమైన విశ్వాసము అంటే తప్పే చేయని విశ్వాసము అని కాదు. వాక్యము తన సంగతి ఎత్తినప్పుడు ముసుగు తీసి నిలబడే విశ్వాసము.

ఆ విశ్వాసము మొదట అవ్వయైన లోయిలో, తరువాత తల్లియైన యునీకేలో ఉన్నదని పౌలు చెబుతున్నాడు. తిమోతి పసితనమునుండి లేఖనములను ఎరిగినవాడు (2 తిమోతి 3:15). పసిబిడ్డ చదవగలడా? ఒడిలో కూర్చుని విన్నాడు. అవ్వ చెప్పింది, అమ్మ చెప్పింది, బిడ్డ విన్నాడు.

షాఫాను ఇంటిలోనూ ఇలాగే మూడు తరములు కనబడతాయి. తాత షాఫాను యోషీయాకు చదివి వినిపించాడు. బారూకు మందిరములో చదివినది షాఫాను కుమారుడైన గెమర్యా గదిలోనే. అక్కడ విని అధికారులకు కబురు మోసుకొనిపోయినవాడు గెమర్యా కుమారుడైన మీకాయా. రాజు చుట్టను కాలుస్తుండగా, వద్దని బతిమాలిన ముగ్గురిలో గెమర్యా ఒకడు. రాజు ఇంటిలో తెగిపోయిన దారము గుమాస్తా ఇంటిలో తెగలేదు. నేటి దినమున మన ఇల్లు ఈ రెండిటిలో ఏ ఇంటివలె ఉన్నది?

చదువు రానివారు ఈ మాటలు వింటూ, ఇవన్నీ చదువుకున్నవారికి గదా అనుకోవద్దు. లేఖనములు మొదటినుండి చెవుల కొరకే ఉన్నాయి. ఏడు సంవత్సరములకొకసారి పర్ణశాలల పండుగలో పురుషులు, స్త్రీలు, పిల్లలు, పరదేశులు అందరూ వినునట్లు ధర్మశాస్త్రము చదవాలని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 31). నీటి గుమ్మము ఎదుట ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు చదివాడు, ప్రజలు నిలువబడి విన్నారు, లేవీయులు అర్థము విడమరచి చెప్పారు (నెహెమ్యా 8). ఐతియొపీయుడైన మంత్రి రథములో చదువుకొంటుంటే పరుగెత్తి వచ్చిన ఫిలిప్పుకు ఆ మాటలు వినబడ్డాయి (అపొస్తలుల కార్యములు 8:30). అంటే ఆయన పైకి చదువుతున్నాడన్న మాట. ప్రకటన గ్రంథము 1:3లో చదివేవాడు ఒక్కడు, వినేవారు అనేకులు. ఇద్దరికీ ధన్యత చెప్పబడింది. విశ్వాసము పుట్టేది వినడములోనుండి అని పౌలు రోమా సంఘమునకు వ్రాసినప్పుడు (రోమా 10:17), ఆ సంఘములో చాలామందికి సొంత గ్రంథము లేదు. ఒకరు చదివితే అందరూ విన్నారు.

మన తెలుగు సంఘముల పునాదియు ఇదే. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. క్లౌ దొర అని మనవారు పిలుచుకొన్న జాన్ ఎవరెట్ క్లౌ గారి కాలము అది. కరువు దేశమును కాల్చిన రోజులు. వారిలో అత్యధికులు బడి గడప తొక్కనీయబడని పేదలు. వారు చదివి నమ్మలేదు, విని నమ్మారు. 1991 జనాభా లెక్కల ప్రకారము కూడ, ఏడేండ్లు నిండినవారిలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చదువ వ్రాయ వచ్చినవారు నూటికి 44 మంది, స్త్రీలలో నూటికి సుమారు 33 మంది మాత్రమే. 2011 నాటికి మొత్తము మీద ఆ లెక్క నూటికి 67 అయినది. దేవునికి స్తోత్రము. అయినను నేడును మన సంఘములలో మొదటి వరుసలో చాప మీద కూర్చునే అవ్వలలో ఎందరికో బైబిలు అంటే మరొకరి నోరే.

ఇప్పుడు నేనెరిగిన ఒక కుటుంబమును గూర్చి చెబుతాను. ఊరు, పేర్లు చెప్పను. తన సంగతి ఇతరులకు ఉపయోగపడితే చెప్పమని ఆ ఇంటి యజమాని అనుమతి ఇచ్చాడు. ఆయన రైతు, సంఘములో పెద్ద. తమ్మునితో పొలము గట్టు విషయములో తగాదా వచ్చి, నాలుగు సంవత్సరములుగా మాటలు లేవు. ఆ ఇంట రాత్రి భోజనముల తరువాత పదవ తరగతి చదివే కుమార్తె బైబిలు చదువుతుంది, మిగిలినవారు వింటారు. మత్తయి సువార్త మొదలుపెట్టారు. ఒక రాత్రి అయిదవ అధ్యాయము వచ్చింది. బలిపీఠము దగ్గర అర్పణము తెచ్చినవాడు, సహోదరునికి తన మీద ఏదో ఉన్నదని జ్ఞాపకము వస్తే, అర్పణము అక్కడ విడిచి ముందు వెళ్లి సమాధానపడాలని ప్రభువు చెప్పిన చోటికి ఆ అమ్మాయి వచ్చింది. తండ్రి గొంతు సవరించుకొని, "పొద్దుపోయిందమ్మా, అది రేపు చూద్దాం. ఒక కీర్తన చదివి ప్రార్థన చెయ్యి" అన్నాడు.

మూలన మంచము మీద ఉన్న ఆయన తల్లి లేచి కూర్చున్నది. "ఎందుకురా ఆపుతావు? నాకు అక్షరం ముక్క రాదు. నా మనవరాలి నోరే నాకు బైబిలు. దాని నోరు ఆపితే నా బైబిలు మూసినట్టే. చదవనియ్యి" అన్నది.

అమ్మాయి చదివింది. ఆ రాత్రి ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆయన రెండు వారములు ఆ మాటతో పెనుగులాడాడు. తరువాత తమ్ముని ఇంటికి వెళ్లాడు. మొదటిసారి తమ్ముడు బయటికి రాలేదు. రెండవసారి వచ్చాడు, లోపలికి రమ్మనలేదు. చివరకు పెద్దమనుషులను పెట్టి గొలుసుతో పొలము కొలిపించారు. అన్న చాలు చాలుగా జరుపుకొంటూ వచ్చినది గట్టు పొడవునా రెండు మూరలని తేలింది. ఆయన అది వదులుకొన్నాడు. ఇంతటితో అన్నదమ్ములు కౌగిలించుకొన్నారని నేను చెప్పను. తమ్ముడు ఇంకను ముభావముగానే ఉంటాడు. అయితే ఇప్పుడు రెండు ఇండ్ల ఆడవారు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకొంటున్నారు, పిల్లలు ఒకే ఆటోలో బడికి వెళ్తున్నారు. ఆ రైతు నాతో అన్నమాట ఇది: "అయ్యగారూ, ఆ రాత్రి మా అమ్మ అడ్డుపడకపోతే ఆ పేజీ మా ఇంట్లో ఎప్పటికీ చదివేవాళ్లం కాదు."

ఆ అవ్వ చేసినది గెమర్యా చేసినదే. అతని మాట రాజు వినలేదు, ఈమె మాట కుమారుడు విన్నాడు.

ప్రియమైన వారలారా, మన ఇండ్లలో కుంపటి లేకపోవచ్చు, చాకు మాత్రము ఉన్నది. అది చాలా మెత్తగా కోస్తుంది. ఇష్టమైన కీర్తన నూరుసార్లు చదివి, కూలిని గూర్చిన యాకోబు 5వ అధ్యాయమును ఎన్నడూ తెరవకపోతే, అది కోత. చదువుతున్నప్పుడు, ఈ మాట మా మరదలికి సరిగ్గా సరిపోయింది అనుకొంటే, అది కోత. కట్నమును గూర్చి, సారాను గూర్చి, కులమును గూర్చి ప్రసంగించిన ఆదివారము, అయ్యగారు ఈ రోజు ఎవరినో పెట్టుకొని మాట్లాడారు అనుకొని ఇంటికి వెళ్తే, అదియు కోతే. యెహెజ్కేలు దినములలో జనులు గుంపుగా వచ్చి, మంచి గాత్రము గలవాడు పాడితే విన్నట్లు ప్రవక్తను విన్నారు, చెప్పిన ప్రకారము చేయలేదు (యెహెజ్కేలు 33:30-32). వారు గ్రంథమును కాల్చలేదు. మెచ్చుకొన్నారు, అంతే. దేవుడు ఆ మెచ్చుకోలును విశ్వాసముగా లెక్కించలేదు.

నేడు వినడానికి కొదువ లేదు. 1939లో జాయ్ రిడ్డర్‌హాఫ్ అనే సహోదరి లాస్ ఏంజెలెస్‌లో సువార్తను గ్రామఫోను రికార్డు మీద ఎక్కించి పంపడము మొదలుపెట్టింది. చదువు లేనివారు తమ భాషలో వినాలన్నదే ఆమె భారము. తరువాత రేడియో వచ్చింది, క్యాసెట్టు వచ్చింది. ఇప్పుడు జేబులోని ఫోనులో తెలుగు బైబిలు అంతా వినవచ్చు. చూపు తగ్గిన వృద్ధులకు, మంచము పట్టినవారికి, మిషను కుట్టుకొనే అక్కలకు ఇది గొప్ప మేలు. వినండి, వినిపించండి. ఒక్క హెచ్చరిక. ఫోను మనకు ఇష్టము లేని చోట దాటవేయడానికి చాకు కన్న సులువైన పనిముట్టు. వ్రేలు కదిపితే చాలు. పైగా అది మన ముఖము చూడదు. మనుమరాలు చదువుతుంటే తాత ముఖము దించుకొన్న సంగతి ఆ ఇంటివారికి తెలుస్తుంది. కలిసి వినడములో ఈ మేలు ఉన్నది.

ఇంటిలో ఎలా చదవాలని కొందరు అడుగుతున్నారు. నాకు తోచిన కొన్ని మాటలు చెబుతాను. ఒక పుస్తకము పట్టుకొంటే చివరి వరకు వరుసగా చదవండి, ఏరుకొని చదవవద్దు. అలవాటు లేనివారు రూతు, యోనా వంటి నాలుగేసి అధ్యాయముల పుస్తకములతో మొదలుపెట్టండి. తరువాత 16 అధ్యాయముల మార్కు సువార్త తీసుకోండి. రాత్రికి ఒక అధ్యాయము చాలు. పిల్లలను చదవనివ్వండి. వారు తడబడితే నవ్వవద్దు, ఒక మాట అందించి ఆగండి. వయోజన విద్యలో అక్షరములు నేర్చుకొన్న తల్లి మొదటిసారి ఒక వచనము కూడబలుక్కొని చదివితే, ఆ రాత్రి ఆ ఒక్క వచనమే ఆ ఇంటికి చాలు. మన తెలుగు బైబిలులో పాతకాలపు మాటలున్నాయి. అర్థము కానిచోట ఆగి, వాడుక మాటలో ఒకరికొకరు చెప్పుకోండి. ఎజ్రా దినములలో లేవీయులు చేసినది అదే గదా. చదివిన తరువాత వెంటనే ప్రార్థనలోనికి పరుగెత్తవద్దు. కొంతసేపు మౌనముగా కూర్చోండి. దేవుడు ఇందులో ఏమి చెప్పాడు, రేపు ఉదయము నేనేమి చేయాలి అని ఎవరికి వారు అడుగుకోండి. రెండవ ప్రశ్నకు జవాబు రానిచో వినుట ఇంకను పూర్తి కాలేదు. విని చేయనివాడు అద్దములో ముఖము చూచుకొని మరచిపోయేవానివంటివాడని యాకోబు ఊరకే చెప్పలేదు.

సంఘములో పాఠములు చదివే యౌవనస్థులకును ఒక మాట. శనివారము రాత్రి ఆ భాగమును ఒకసారి బిగ్గరగా చదువుకొని రండి. మీరు తడుముకొంటే మొదటి వరుసలోని అవ్వకు ఆ వారమంతటికి దొరకవలసిన ఆహారము దొరకదు.

ఇక చివరి సంగతి. యెహోయాకీము కాల్చిన గ్రంథము ఏమైనది? యిర్మీయా మరల చెప్పాడు, బారూకు మరల వ్రాశాడు, పాత మాటలన్నియు వచ్చాయి, వాటికి మరికొన్ని చేరాయి (యిర్మీయా 36:32). ఆ కుంపటి ఎప్పుడో చల్లారింది. రాజు కోసిన మాటలు రెండువేల ఆరువందల సంవత్సరముల తరువాత మన చేతిలోని బైబిలులో ఉన్నాయి. వాక్యము తప్పించుకొన్నది, రాజు తప్పించుకోలేదు. ఇందులో హెచ్చరిక ఉన్నది, నిరీక్షణయు ఉన్నది. ఇన్నాళ్లు మనము దాటవేసిన పేజీ ఇంకను అక్కడే ఉన్నది. ఈ రాత్రి దానిని తెరిచి, ఇంటివారిలో ఒకరిని బిగ్గరగా చదవమనవచ్చు.

ప్రార్థన చేసుకుందాము.

ప్రభువా, మాకు చెవులిచ్చావు, నీ వాక్యమును మా భాషలో ఇచ్చావు. మా ఇంటిలో చదివే నోటిని ఆశీర్వదించుము. నీ మాట మా బాకీలను, మా గట్టులను, మా కోపములను ముట్టినప్పుడు మా చేతిలోని చాకును తీసివేయుము. చిరిగేది నీ గ్రంథము కాక మా గర్వమే అగునట్లు చేయుము. మా అవ్వల విశ్వాసము మా బిడ్డలకు వినబడునట్లు మమ్ములను నిష్కపటులనుగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.